బీరువాలో నా ఎమ్మెస్సీ

ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గరే పెట్టుకుని సుఖపడినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు! మూడేళ్లు ఉద్యోగం మాననని బాండు రాసిచ్చి, వాటిని బడి బీరువాలో పెట్టించి, ఆ తాళంచెవి యజమాని మొలతాడుకు వేలాడుతుంటే నిశ్చింతగా పాఠాలు చెప్పుకునేవాడే ధన్యుడు. నవ్వకండి. రెండేళ్లుగా నేను ధన్యుణ్ణి.

నా పేరు దావీదు. చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు, లెక్కలు, డ్రిల్లు చెబుతాను. ఎండాకాలం వస్తే ఇంటింటికీ తిరిగి "మీ పిల్లల్ని మా బడికి పంపండి" అని కూడా చెబుతాను. ఇన్ని విద్యలు ఒక్క బాండు వల్లే అబ్బాయి.

అసలు బాండు వల్ల లాభాలు ఒకటా రెండా! సర్టిఫికెట్లకు ఎలుకల భయం లేదు. ఇల్లు కురిసినా అవి తడవవు. పేపర్లో ఉద్యోగ ప్రకటన చూసి మనసు గంతులు వేయబోతుందనుకోండి, బీరువా గుర్తుకొస్తుంది, మనసు మళ్లీ చాప మీద పడుకుంటుంది. ఇంత ప్రశాంతత ఏ ఆశ్రమంలో దొరుకుతుంది?

పైగా ఆ బీరువా సామాన్యమైనదా? అందులో ఎమ్మెస్సీలున్నాయి, బీఈడీలున్నాయి, ఒక ఎంఫిల్ కూడా ఉంది. అంత చదువుకున్న బీరువా జిల్లాలో మరొకటి లేదు. తనిఖీకి వచ్చినవాళ్లు మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగరు. బీరువా తెరిపించి చూసి, తృప్తిగా మిర్చి బజ్జీలు తిని వెళ్తారు.

మా కరస్పాండెంటు కొమురయ్య గారు కోళ్ల షెడ్డును బడిగా మార్చిన విద్యాదాత. "కోళ్లకన్న మీరే నయం సార్, రోగమొచ్చి గంపగుత్తగ సావరు" అని మమ్మల్ని మెచ్చుకుంటారు. ఒకసారి నా సర్టిఫికెట్లు కళ్లారా చూసుకుంటానని అడిగాను.

"గవి ఖాళీగ కూసుంటయా సార్? జెర ఆగి రాండ్రి" అన్నారు. నా కాగితాలకు కూడా ఏదో పని కల్పించారే అని మురిసిపోయాను.

ఇక ప్రైవేటు కంపెనీ ఉద్యోగం సంగతంటారా! పటాన్‌చెరు మందుల కంపెనీలో షిఫ్టు దిగినవాడు బస్సెక్కితే ఆ వాసనకు పక్క సీటు దానంతటదే ఖాళీ అవుతుంది. నా పక్కన మాత్రం ముగ్గురు ఇరుక్కుని కూర్చుంటారు. ఆ ఆత్మీయత ఏ కంపెనీ ఇస్తుంది చెప్పండి?

నా భార్య గ్రేసుకు ఈ తత్వం ఎక్కలేదు. ఆమెకిప్పుడు ఏడో నెల. "కంపెనీల చేరితె ఈఎస్‌ఐ కార్డు ఇస్తరు. దవఖానల ఫికర్ లేకుంట కాన్పయితది. నీ బీరువ వచ్చి నాకు కాన్పు చేస్తదా?" అని అడిగింది.

మా పక్కింటి మొగులయ్య పాశమైలారంలో ఒక చిన్న మందుల కంపెనీలో హెల్పరు. "మా కంపెనీల కెమిస్టు సారనేటోడే కండ్లవడడు సార్. జల్దీ పోయి అడుగు" అన్నాడు. బడికి జ్వరమని చెప్పి, జిరాక్సులు చంకన పెట్టుకుని వెళ్లాను.

మేనేజరు బాపిరాజు గారు గోదావరి మనిషి, మర్యాదస్తుడు. టీ తెప్పించారు.

"ఖాళీ లేదండీ. మాకున్న కెమిస్టు రత్నంలాంటి వాడండీ! రెండేళ్లయింది, ఒక్క సెలవు పెట్టలేదు. జీతం పెంచమని నోరు విప్పలేదు" అన్నారు.

అలాంటి మహానుభావుణ్ణి ఒకసారి చూడవచ్చా అని అడిగాను. ఆయన గోడవైపు చెయ్యి చూపించారు.

గోడ మీద అద్దాల ఫ్రేములో నా ఎమ్మెస్సీ డిగ్రీ! పక్కనే నా ఫొటో, ఉద్యోగంలో చేరినప్పుడు బడికిచ్చిందే. కింద పెద్ద అక్షరాలతో 'కెమిస్టు: దావీదు' అని రాసి ఉంది.

"మా ఓనరు గారి బావగారు కుదిర్చారండీ. సంగారెడ్డిలో బడి ఉంది లెండి ఆయనకి" అన్నారు బాపిరాజు గారు.

ముందు గర్వంగా అనిపించింది. తర్వాత వెళ్లి ఆ ఫొటో పక్కన నిలబడ్డాను. "సార్, అది నేనే" అన్నాను.

ఆయన ఫొటోను చూశారు, నన్ను చూశారు, లేచి తలుపు వేశారు. "అయితే మీరిటు రాకూడదండీ! ఈ వేళప్పుడు తనిఖీ వాళ్లొస్తే ఒక్క కెమిస్టుకి ఇద్దరు తేలతారు" అని నన్ను వెనక గేటు నుంచి సాగనంపారు. నా ఉద్యోగం నాకు రాకుండా నేనే అడ్డుపడ్డానన్నమాట!

కాబట్టి చదువుకున్న యువకులారా, బాండు రాసి పంతులు కావడమా, ప్రైవేటు కంపెనీలో చేరడమా అని తలలు బద్దలు కొట్టుకోకండి. కళ్లు మూసుకుని బాండు రాసెయ్యండి! మీరు బడిలో ఉంటారు, మీ చదువు కంపెనీలో ఉంటుంది. రెండు వైపులా పేరొస్తుంది.

ఇంటికొచ్చి ఈ శుభవార్త గ్రేసుకు చెప్పాను. ఆమె నవ్వలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా లేచి చెప్పులు వేసుకుంది.

"ఏడికి?" అన్నాను.

"పాశమైలారం. ఆ గోడ మీదున్నాయన్ని పట్టుకొస్త. కార్డిస్తె ఆయనకే గద ఇయ్యాలె. కాన్పుకు ఆయన్నే తోలుకపోత. నువ్వు జరం తగ్గిందని బడికి పో, లేటైతది."