రోజూ ఆఫీసుకెళ్లే కారుకి పెద్ద టర్బో పెట్టించండి

సంసారం సుఖంగా సాగాలంటే ఏం చేయాలని ఎవరైనా అడిగితే నేను తడుముకోను. కారుకున్న టర్బో పీకించి, దానికంటే పెద్దది పెట్టించమంటాను.

నవ్వకండి. నేను ఈ తొయామా ఊళ్లో ఇరవై మూడేళ్లుగా నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తున్నవాణ్ణి. గొట్టాల్లో ఒత్తిడి గురించి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

టర్బో అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ఇంజను వదిలే పొగతోనే గిర్రున తిరిగి, మళ్లీ ఇంజనులోకే గాలి కుక్కే యంత్రం అది. కంపెనీవాడు పెట్టింది పిడికిలంత. నేను పెట్టించింది చిన్న గుమ్మడికాయంత. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ బలం వస్తుందని చిన్నపిల్లలక్కూడా తెలుసు. పెద్దది తిరగడం మొదలెట్టడానికి పెద్ద టైమే పడుతుందన్న సంగతి మాత్రం పెట్టించాకే తెలుస్తుంది.

మెకానిక్కు త్సుబొకావా ముందే అడిగాడు. "కురెబయాషి గారూ, ఇది రోజూ వాడే కారు కదా. దేనికండీ?"

"రోజూ వాడతాను కాబట్టే. ఆదివారం ఒక్కపూట వాడేవాడికి ఎందుకయ్యా?"

అతను పళ్ల సందుల్లోంచి స్ మని గాలి పీల్చాడు. మా వైపు దానర్థం 'వద్దు, కానీ మీ మొహం మీద చెప్పలేను' అని. నాకు మాత్రం అది శుభశకునంలా వినిపించింది. మార్చి నెలాఖరుకల్లా గుమ్మడికాయ బిగించేశాడు.

ఇక లాభాలు చూడండి.

మొదటిది, ఓర్పు. ధ్యానం నేర్పే మఠాలకి వెళ్లి జనం తెల్లవార్లూ మోకాళ్లు నొప్పెట్టుకుంటారు. నాకా అవసరం లేదు. పచ్చ దీపం వెలగ్గానే పెడల్ తొక్కుతాను. ఏమీ జరగదు. తొక్కే ఉంచుతాను. ఇంజను చుట్లు లెక్కపెట్టే మీటరు ముల్లు నాలుగున్నర వేలు దాటాకగానీ బలం రాదు. ఆ లోపల నా గతం, నా తప్పులు, చనిపోయిన మేనమామ, అన్నీ గుర్తొస్తాయి. నిదానమే ప్రధానం అన్నారు కదా! సరిగ్గా బలం వచ్చే క్షణానికి ముందు ఎర్ర దీపం వెలుగుతుంది. మా రోడ్డు మీద వేగం హద్దు నలభై. ఏడు నెలల్లో ఆ బలాన్ని నేను పూర్తిగా రుచి చూసింది రెండుసార్లు. రెండోసారి కళ్లు మూసుకున్నాను కాబట్టి ఒకసారే అనుకోండి.

రెండోది, ఆరోగ్యం. ఆ బలానికి పాత క్లచ్ ఆగదని గట్టిది వేయించాల్సొచ్చింది. ఇప్పుడు నా ఎడమ తొడ మల్లయోధుడి తొడ, కుడి తొడ గుమాస్తా తొడ. దర్జీ కొలతలు తీసుకుంటూ రెండుసార్లు టేపు చూసుకున్నాడు. బతికున్న మనిషికి ఇంతకంటే గుర్తింపు ఏం కావాలి?

మూడోది, లోకసేవ. పక్కింటి నొజిరి ముసలమ్మగారు గడియారానికి బ్యాటరీ వేయడం మానేశారు. "మీ కారు దగ్గిందంటే ఏడున్నర. మా ఆయన ఫోటో ముందు అన్నం పెట్టేస్తాను" అన్నారు. అన్నదాంట్లో మెచ్చుకోలు ఎంతో, దెప్పిపొడుపు ఎంతో నేను విడదీయలేదు.

నాలుగోది అన్నిటికంటే గొప్పది. ఇంట్లో ప్రశాంతత.

మా ఆవిడ చిహోకో నది అవతల మందుల ఫ్యాక్టరీలో, పెట్టెలు కట్టే విభాగంలో పనిచేస్తుంది. పదకొండేళ్లు ప్రతి పొద్దునా ఆమెను నేనే దింపాను. ఇరవై రెండు నిమిషాల దారి. ఇంట్లో వంట, టీవీ, మా అత్తగారి చెవిటితనం. మేం మాట్లాడుకునేదల్లా ఆ ఇరవై రెండు నిమిషాలే. కొత్త టర్బో పెట్టిన మొదటి పొద్దున జింజూ వంతెన ఎక్కాక బలం ఒక్కసారి తన్నుకొచ్చింది. ఫ్లాస్కు మూతలో పోసుకున్న టీ మొత్తం ఆమె ఒళ్లోకి పోయింది.

"ఏవండీ, కారుకేమైనా జబ్బు చేసిందా?"

"జబ్బు కాదు, బలం వచ్చింది."

"బలం వచ్చేముందు ఇలా మూలుగుతారా ఎవరైనా?"

ఆ తర్వాత వారం రోజులు ఆ మోతలో ఆమె ఏదో అనడం, నేను "ఆఁ?" అనడం. పై సోమవారం చిహోకో చేతిలో ట్రామ్ పాస్ ఉంది. ఆరునెలలది. అక్టోబరులో ఇంకో ఆరునెలలకి కట్టించింది. అప్పట్నుంచి నా కారులో శాంతే శాంతి. పక్క సీటులో నా లంచ్ డబ్బా ఒక్కటే కూర్చుంటుంది. అది ఏమీ అడగదు.

ట్రామ్ పట్టాలు మా రోడ్డు పక్కనే పోతాయి. సిగ్నల్ దగ్గర నేను నా గుమ్మడికాయ తిరగడం కోసం ఎదురుచూస్తుంటే ట్రామ్ గంట కొట్టి ముందుకెళ్లిపోతుంది. ట్రామ్ దాటేసినందుకు కాదు నా బాధ. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ కిటికీలో చిహోకో పక్క సీటావిడతో ఏదో చెప్పి పకపకా నవ్వుతుంది. నాతో అంత నవ్విన గుర్తు లేదు. ఏం చెప్పుకుంటారో కూడా తెలియదు. శాంతి కదా, తెలియక్కర్లేదు.

ఇప్పుడు నా సుఖానికి అడ్డొచ్చిన దుర్మార్గం గురించి చెప్పాలి. అదే రెండేళ్లకోసారి వచ్చే ప్రభుత్వ తనిఖీ. ఆ పొగకీ ఆ మోతకీ నా కారు గట్టెక్కదు. అందుకే మాలాంటివాళ్లందరి ఇళ్లలో పరుపుల అల్మారాలో, పాత తువాలులో చుట్టి, కంపెనీ టర్బో పడుకుని ఉంటుంది. ఆడపిల్లల పండక్కి బొమ్మలు దించినట్టు తనిఖీకి దాన్ని దించి బిగిస్తాం, గట్టెక్కగానే మళ్లీ పీకుతాం. ఇందులో మోసమేమీ లేదు, ఆచారం.

ఈ నవంబరు బుధవారం త్సుబొకావా చిన్నది బిగించి ఇచ్చాడు. గురువారం మధ్యాహ్నం తనిఖీ. ఆ పొద్దున గాలివానకి చెట్టుకొమ్మ తీగల మీద పడి ట్రామ్‌లు ఆగిపోయాయి. చిహోకో వాకిట్లో గొడుగు పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత లంచ్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎక్కింది.

పెడల్ తొక్కాను. కారు కదిలింది. తొక్కినప్పుడే కదిలింది! ఇలాంటి వింత ఉంటుందని మరిచేపోయాను.

"చప్పుడు లేదే ఇవాళ" అంది.

"తనిఖీ కోసం."

వంతెన మీదికొచ్చాక అంది, "కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురూ నేను మా విభాగానికి లీడర్నయినా నన్ను చిహోకో అక్కా అంటారు. బాగుంటుంది."

"నువ్వు లీడరెప్పుడయ్యావు?"

"ఏప్రిల్లో."

"ఏడు నెలలైంది. నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ. ఇక్కడే, ఈ వంతెన మీదే. మీరు మీటరు చూస్తూ, 'ఆఁ, ఇప్పుడు బాగా లాగుతోంది' అన్నారు."

ఆమె మాటలో కోపం లేదు. కోపముంటే బాగుండేది. అది చెప్పిన పై సోమవారమే కదా ట్రామ్ పాస్ తెచ్చుకుంది. ఇన్నాళ్లూ టీ ఒలికినందుకని అనుకున్నాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర మలుపు తిరగకుండా చేపల మార్కెట్టు మీదుగా ఇంకో చుట్టు తిప్పాను. ఆమె దారి తప్పారని అనలేదు. కొత్తపిల్లల పేర్లు చెప్పింది, మా అత్తగారి కంటి ఆపరేషను సంగతి చెప్పింది. ఆరు నిమిషాలు ఆలస్యంగా దిగింది.

అయ్యా ప్రభుత్వంవారూ, రెండేళ్లకో తనిఖీ ఏం మూలకి? నెలకోసారి పెట్టండి. వీలైతే వారం వారం. జనం తిట్టుకుంటారు, పట్టించుకోకండి.

కారు గట్టెక్కింది. శుక్రవారం త్సుబొకావా ఫోను చేశాడు. "రేపు తెచ్చెయ్యండి, పెద్దది ఎక్కించేద్దాం."

ఈసారి నేనే పళ్ల సందుల్లోంచి గాలి పీల్చాను. అతనికి అర్థమైంది. గుమ్మడికాయ ఇప్పుడు తువాలులో చుట్టుకుని అల్మారాలో పడుకుంది. చలికాలం బొంతలు తీస్తుంటే చిహోకో దాన్ని చూసింది.

"చిన్నది అలాగే ఉంచేశాను. సోమవారం నుంచి కార్లో రాకూడదూ?" అన్నాను.

ఆమె బొంత మడత విప్పుతూ ఆలోచించింది. "వస్తాను గానీ, పాసు ఏప్రిల్ మొదటివారం దాకా ఉందండీ. వృథా ఎందుకు?"

టర్బో ఓర్పు నేర్పుతుందని మొదట్లోనే చెప్పాను కదా. నవంబరులో తొక్కాను, కదిలేది ఏప్రిల్లో. లంచ్ డబ్బా వెనక సీట్లోకి మార్చాను. పెడల్ మీంచి కాలు మాత్రం తీయలేదు.