పసుపు కార్డు మహిమ

అప్పు లేనివాడు దిక్కులేనివాడు! వాడు ఉన్నాడో పోయాడో వాకబు చేసేవాడెవడు? నమ్మకం కుదరకపోతే నారాయణఖేడ్ బస్టాండు వెనక బట్టలు కుట్టే మల్లప్పను చూడండి.

మూడేళ్ల కిందటిదాకా మల్లప్పను పలకరించే నాథుడు లేడు. అద్దె మిషన్ మీద చినిగిన లాగులకు అతుకులు వేసుకుంటూ బతికేవాడు. అలాంటివాడి ఇంట్లో ఓ ఫైనాన్స్ కంపెనీ పదిహేను వందల రూపాయల కొత్త మిషన్ అప్పుగా దించి, చేతిలో పసుపు కార్డు పెట్టింది. కార్డు మీద యాభై గళ్లు! వారానికో గడి, గడికో సంతకం. జన్మలో ప్రోగ్రెస్ కార్డు ఎరగని మనిషికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

వారానికి అరవై కట్టాలి. ముప్పై అసలు, ముప్పై మిత్తి. మొదటి వారమే మల్లప్ప చేతిలో నలభయ్యే ఉన్నాయి. వసూలుకొచ్చిన సంగప్ప ఎంత దయామయుడంటే, భుజం మీద చెయ్యేసి, "పరేషాన్ గాకు మల్లన్నా. మిత్తి కట్టు, సాలు. అసలు యాడికి పోతది?" అన్నాడు.

నిజమే, ఎక్కడికీ పోలేదు! మూడేళ్లయినా చెక్కు చెదరలేదు. ఈ కాలంలో ఇంత విశ్వాసంగా ఇల్లు అంటిపెట్టుకుని ఉండేది ఇంకేదైనా ఉందా?

మల్లప్ప ఒక్క వారం మిత్తి తప్పలేదు. చేతిలో లేని రోజు కల్హేర్ పోయి బావమరిది దగ్గర చేబదులు తెచ్చి మరీ కట్టాడు. కార్డు నిండితే కొత్త కార్డు. అలా నిండిన మూడింటినీ దేవుడి పటం కింద మేకుకు తగిలించాడు. మంచి పార్టీ అని మెచ్చి కంపెనీ స్టీలు గ్లాసు బహుమతిగా ఇస్తే సంతోషంతో ఆ పూట అన్నం కూడా తినలేదు.

భార్య బసమ్మకు చదువు రాదు, కాబట్టి కార్డు విలువ తెలియదు. సంగప్ప సంతకం పెట్టినప్పుడల్లా చొక్కా గుండీ ఒకటి దారానికి గుచ్చేది. యాభై కాగానే ముడి వేసేది.

ఈ ఏడు దసరా ముందు మల్లప్ప మలేరియాతో దవాఖానలో పడ్డాడు. రెండు వారాలు మిత్తి తప్పింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ముప్పై ఇళ్ల పండుగ బట్టలు కుట్టకుండా ఇంట్లో పడి ఉన్నాయి. ఇంటికొచ్చిన మర్నాడే సంగప్ప రిక్షాతో దిగాడు. పరామర్శకే అనుకున్నాడు మల్లప్ప. సంగప్ప నేరుగా మిషన్ మీద చెయ్యేశాడు.

"పండుగ దాంక ఆగు సంగన్నా, నీ కాల్మొక్త!" అన్నాడు మల్లప్ప, మిషన్‌ను రెండు చేతులా పట్టుకుని.

మూడేళ్లు మిత్తి తప్పని తన మొగుడు అలా బతిమాలడం చూసి బసమ్మకు కడుపు మండింది. గుండీల దండలు మూడూ తెచ్చి సంగప్ప ముందు పడేసింది.

"గుండీకి ముప్పై లెక్కన యాభై గుండీలకు ఒక మిషన్ కిమ్మతు. గివి మూడు దండలు. మూడు మిషన్ల పైసలు ముట్టినయ్ నీకు, ఇంట్ల ఒక్కటే ఉన్నది. మిగిలిన రెండు ముందుగాల దించు. ఎన్క దీన్ని ఎత్తుకపో!"

సంగప్ప ఒక దండ తీసి చివరిదాకా లెక్కపెట్టాడు. తన పుస్తకం తిరగేశాడు. అందులో ఇలాంటి లెక్కకు గడి లేదు. "సేఠ్‌ను అడిగొస్త" అని ఖాళీ రిక్షాతో వెళ్లినవాడు పండుగ దాటినా రాలేదు.

అయినా అప్పు గొప్పదే! నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. నాకూ ఒక రేడియో కార్డు ఉంది. రేడియో పోయిన ఏడే మూగబోయింది, కార్డు మాత్రం రెండోది నడుస్తోంది. నేనూ దండలు గుచ్చుకుందామని నిన్న బసమ్మ దగ్గరికి వెళ్లి వంద గుండీలు అరువు అడిగాను.

నగదైతేనే ఇస్తానంది.