పరీక్ష పేపర్ల మూట

ఆ రెండో శనివారం పొద్దున శాలేమురాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెనాలి బజారులో పసిబిడ్డకీ బాలింతకీ కావలసిన నాలుగు వస్తువులు కొనడం, వాటిని బాపట్లలో అక్క ఇంటికి చేర్చడం, అక్కడ భోజనం చేసి ఓ కునుకు తీసి తిరిగి రావడం. చుండూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కాబట్టి ప్రతి లెక్కా చివరికి తేలుతుందని అతనికో నమ్మకం. పెళ్ళయ్యాక కూడా ఆ నమ్మకం పూర్తిగా పోలేదు.

భార్య స్నేహలత పురిటికని రేపల్లెలో పుట్టింట్లో ఉంది. నెలలు నిండాయి. బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డ పేరున ఒక్క గుడ్డముక్క కొనకూడదని అత్తగారు ప్రేమకుమారి శాసనం. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. లూథరన్ చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. శకునాలన్నీ మూఢనమ్మకాలని ఏటా ప్రసంగం చేస్తుంది. "నాకలాంటి నమ్మకాలేం లేవు బాబు. చూసేవాళ్ళకి ఉంటాయి కదా, అందుకని" అంది అల్లుడితో. ఆ చూసేవాళ్ళెవరో ఆవిడ చెప్పలేదు, అడిగే ధైర్యం ఇతనికి లేదు.

స్నేహలతకి ఆ ధైర్యం కొంచెం ఉంది. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మొగుడికి ఫోన్ చేసింది. మెత్తటి నూలు జుబ్బాలు, ముందు తాళ్ళు కట్టేవి. గుడ్డ న్యాపీలు. రబ్బరు షీటు. గొడుగు దోమతెర. తనకి ముందు జిప్పున్న నైటీలు, ప్యాడ్లు. ఇంతకు మించి ఏమీ వద్దంది. బూట్లు, సెంటు పౌడర్లు, నడక బండి కొంటే వాటితో ఆయనే ఆడుకోవాలంది.

"కొన్నాక అన్నీ ఓసారి ఉతికి ఎండలో ఆరెయ్యండి. కొత్త గుడ్డలు బిడ్డకి గుచ్చుకుంటాయి. ఈ ఒక్క పనైనా సరిగ్గా చెయ్యండి" అంది.

ఆ చివరి మాట శాలేమురాజుకి ముల్లులా దిగింది. కారణం లేకపోలేదు. ఆరో నెలలో నడుముకి ఆనించుకోవడానికి దిండు తెమ్మంటే, అతను సూర్యలంక బీచిలో అమ్మే గాలి ట్యూబు తెచ్చాడు, దాని మీద బాతు బొమ్మ కూడా ఉంది. ఆ రోజు స్నేహలత ట్యూబు వంక కాసేపు చూసి, అటు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే బావుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది. ఈసారి ఆమె కళ్ళకి తను కాస్త తండ్రిలా కనబడాలి. అతనికి కావలసిందల్లా అంతే.

బజారులో అతను బాగానే నెగ్గుకొచ్చాడు. కొట్టువాడు రిబ్బను కట్టిన గిఫ్టు పెట్టె చూపించాడు, నీలం గంటలున్న ఉయ్యాల చూపించాడు, పుట్టిన బిడ్డకి కూలింగ్ గ్లాసులు కూడా చూపించాడు. శాలేమురాజు చలించలేదు. భార్య చెప్పినవి చెప్పినట్టే కొన్నాడు.

చిక్కల్లా ఉతికి ఆరెయ్యడం దగ్గరే వచ్చింది. తెనాలిలో అతనుండేది మేడ మీద. కింద ఇంటావిడ మహాలక్ష్మిది చీరాల నేతవాళ్ళ కుటుంబం. దండెం మీద గుడ్డ చూసి అది ఏ నూలో, ఎవరు కట్టుకునేదో వీధి చివర నుంచే చెప్పగలదు. చెప్పగలగడమే కాదు, ప్రేమకుమారికి రోజూ ఫోన్లో చెబుతుంది కూడా. డాబా మీద పసిగుడ్డలు ఆరేస్తే అవి తడి ఆరేలోపు కబురు రేపల్లె చేరుతుంది. అందుకే బాపట్లలో అక్క నిర్మల డాబా మీద ఆరేద్దామనుకున్నాడు. సరుకంతా తన పాత లుంగీలో మూటగట్టాడు. ఉతికీ ఉతికీ దాని గళ్ళు మనం ఊహించుకోవాల్సిందే. నిన్ననే ఉతికాడు, మూటకి అదే చేతికందింది.

గేటు దగ్గర మహాలక్ష్మి ఎదురైంది.

"ఏంటి మాష్టారు, మూట?"

"పరీక్ష పేపర్లండి."

"ఎక్కడికి?"

"సూర్యలంక. అక్కడ కూర్చుని దిద్దుదామని, పిన్నిగారు."

సముద్రపు గాలిని, పరీక్ష పేపర్లని మహాలక్ష్మి మనసులో ఒకచోట పెట్టి చూసుకుంది. తర్వాత మూట వంక చూసింది. ముడి సందులోంచి గులాబీ రంగు నైటీ చెయ్యి ఒకటి, దాని పక్కనే ఒక బుల్లి జుబ్బా తాడు బయటికి వేలాడుతున్నాయి. అతను వీధి మలుపు తిరిగాక ఆవిడ ఫోను తీసింది.

అల్లుడు బాలింత నైటీలు, పసిగుడ్డలు మూటగట్టుకుని సూర్యలంక పోతున్నాడన్న మాట విని ప్రేమకుమారి ముందు నమ్మలేదు. కూతురు చూస్తే ఎదురుగా మంచం మీద ఉంది. మరి ఆ గుడ్డలెవరికి? సూర్యలంక వెళ్ళాలంటే బాపట్లలోనే దిగాలి కదా అని నిర్మలకి ఫోన్ చేసింది. నిర్మల యాభై దాటిన మనిషి, బాలింత నైటీలు ఆవిడక్కర్లేదు. పైగా తమ్ముడు అప్పుడే వచ్చి, ఎవరడిగినా తను రాలేదని చెప్పమని ఒట్టు వేయించుకుని, పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"వాణ్ణి చూసి రెండు నెలలైందండి" అంది నిర్మల. శాలేమురాజు నోట్లో ముద్ద నమలకుండా ఆపాడు.

దాంతో ప్రేమకుమారికి లెక్క తేలిపోయింది. మొగుడు సుందరయ్యని గదిలోకి పిలిచి విషయం చెప్పింది. సుందరయ్య తాపీగా విని, "ఒక్క ఇల్లు నడపడమే రాదు కదే అతనికి. రెండోది ఎలా నడుపుతాడు?" అన్నాడు. అందులో న్యాయముంది, కానీ ఆవిడ అప్పటికే చెప్పులేసుకుంటోంది. కూతురికి సమాజం మీటింగని చెప్పి, ఎదురింటి హిమబిందుని కాస్త కనిపెట్టి ఉండమని, మొగుణ్ణి వెంటబెట్టుకుని బాపట్ల బస్సెక్కింది.

వాళ్ళు బాపట్ల బస్టాండులో దిగారో లేదో, రేపల్లెలో స్నేహలతకి నొప్పులు మొదలయ్యాయి. హిమబిందు ఆమెని ఆటోలో ఆస్పత్రికి చేర్చి, ముందు తల్లికి, తర్వాత మొగుడికి ఫోన్ చేసింది. శాలేమురాజు అప్పుడు కునుకులో ఉన్నాడు. జుబ్బాలింకా నీళ్ళ మొహం చూడలేదు. మూట మళ్ళీ ముడేసి, ఒక చెప్పు తనది, ఒక చెప్పు బావది వేసుకుని బస్టాండుకి పరిగెత్తాడు.

రేపల్లె బస్సులో ఖాళీగా ఉన్నది ఒక్క సీటే. దాని పక్క సీట్లో అత్తగారు, కిటికీ వైపు మామగారు.

ఆ క్షణంలో శాలేమురాజుకి దిగిపోదామనిపించింది. కానీ బస్సు కదిలింది. ప్రేమకుమారి మూటని చూసింది, చెప్పుల్ని చూసింది, మొహాన్ని చూసింది. కూతురి భయం ఒకపక్క, కోపం ఒకపక్క ఆవిడ గొంతులో కలిసిపోయాయి.

"ఎవరికండి ఇవన్నీ?"

"మీ అమ్మాయికేనండి."

"మా అమ్మాయి రేపల్లెలో ఉంటే ఇవి బాపట్లలో ఎందుకున్నాయి?"

"మీరు కొనొద్దన్నారని, అత్తయ్యగారు. ఉతికి ఆరెయ్యడానికి అక్క డాబా..."

ఈ జవాబు నిజం కావడం వల్ల ఎవరూ నమ్మలేదు. వెనక సీట్ల వాళ్ళు ముందుకి వంగారు. ఇలాంటి కేసు తమ ఊళ్ళో కూడా జరిగిందని ఒక పెద్దాయన మొదలుపెట్టాడు. పాపం ఆ అబ్బాయి మొహం చూస్తే అంత తెలివిగలవాడిలా లేడని ఒకావిడ వెనకేసుకొచ్చింది. టిక్కెట్టు కొట్టిన కండక్టరు మాత్రం పక్కకి కదలకుండా అక్కడే నిలబడ్డాడు. శాలేమురాజుకి ఇవేమీ సరిగా వినబడలేదు. స్నేహలత నొప్పులు పడుతుంటే తను అక్కడ లేడు. ఈసారి కూడా బాతు ట్యూబే తెచ్చాడు. ఆ ఒక్క ఆలోచనే అతన్ని దారి పొడుగునా తినేసింది.

ఆస్పత్రిలో నర్సు బిడ్డ బట్టలు సిద్ధం చేసుకోమని చెప్పి లోపలికి వెళ్ళింది. శాలేమురాజు మూట ముందుకి జరపబోయాడు. ప్రేమకుమారి చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపు నేల చూపులు చూసి, మొగుడితో చిన్నగా అంది.

"చర్చి బీరువాలో క్రిస్మస్ నాటకం గొర్రెల కాపరుల బట్టలున్నాయి చూడండి. వాటి కింద ఒక సంచీ ఉంది. పట్రండి."

శాలేమురాజు తలెత్తాడు. మూఢనమ్మకాలు లేని అత్తగారు ఆ వైపు చూడలేదు.

సుందరయ్య వెళ్ళి రెండు సంచులతో వచ్చాడు. రెండోది ఎక్కడిదని భార్య కళ్ళతోనే అడిగింది. "బియ్యం డ్రమ్ములోది. నాది" అన్నాడాయన. అందులో రెండు జుబ్బాలు, ఊలు టోపీలు, బుల్లి బూట్లు, గిలక్కాయ, గుప్పెడు బియ్యపు గింజలు ఉన్నాయి.

అంతలో లోపల ఏడుపు వినబడింది. ఆడపిల్లని, తల్లీబిడ్డా బాగున్నారని చెప్పి, నర్సు చెయ్యి చాపింది. ముగ్గురూ మూడు వైపుల నుంచీ జుబ్బాలు అందించారు. ఆవిడ ఒక్కొక్కటే వేళ్ళతో నలిపి, అట్టముక్కలు, గుండుసూదులు చూసి వెనక్కిచ్చేసింది.

"అన్నీ గంజి గుడ్డలేనండి. ఉతకని కొత్తవి మేం వెయ్యం. ఉతికిన పాత నూలు గుడ్డ ఒక్కటైనా లేదా మీ దగ్గర?"

లేదు. ఇంట్లో ఇన్ని తలకాయలుండి, ఇన్ని చోట్ల దాచి, ఒక్కరికీ పాత గుడ్డ మాట తోచలేదు. సుందరయ్య ఆశగా తన కండువా చూసుకున్నాడు, అది పాలిస్టరు. ప్రేమకుమారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మనవరాలి మొదటి గుడ్డకి తడుముకోవాల్సి వచ్చిందే అని ఆవిడకి నిజంగా బాధేసింది. నర్సు చూపు బల్ల మీద మూట మీద పడింది. ముడి విప్పి సరుకంతా పక్కకి కుమ్మరించింది. లుంగీని వేళ్ళతో నలిపి, వాసన చూసి, "ఇదుండగా వెతుకుతారేంటండి" అని లోపలికి తీసుకెళ్ళింది.

తర్వాత శాలేమురాజు లోపలికి వెళ్ళినప్పుడు, గళ్ళు వెలిసిన ఆ లుంగీలోంచి ఎర్రటి బుల్లి మొహం ఒకటి బయటికి కనబడుతోంది. స్నేహలత అలసిపోయి ఉంది.

"ఇన్ని ఆలోచించి, ఉతికిన లుంగీలో చుట్టి తెచ్చారా?" అని మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు కోసం అతను బాతు ట్యూబు రోజు నుంచీ ఎదురుచూస్తున్నాడు. గుమ్మంలో ప్రేమకుమారి ఉంది. నిజం తెలిసిన మనిషి. కానీ ఇతని లుంగీ గుట్టు ఆవిడకి తెలిస్తే, ఆవిడ చర్చి బీరువా గుట్టు ఇతనికి తెలుసు.

"అవునమ్మా, అల్లుడుగారు ముందుచూపున్న మనిషి" అంది ప్రేమకుమారి.

మర్నాడు సాయంత్రం అతను తెనాలి చేరేసరికి మహాలక్ష్మి గేటు దగ్గరే ఉంది. పేపర్లు దిద్దడం అయిందా అని అడిగింది.

"అయిందండి, పిన్నిగారు" అన్నాడు శాలేమురాజు. "ఇంటిల్లిపాదీ ఫెయిలు. లుంగీ ఒక్కటే పాసైంది."