మంచు మీద బూడిద

ఉత్తరాన చలిదేశంలో ఉన్న మా ఊళ్లో ఏప్రిల్‌లో కూడా పెరట్లో మోకాలిలోతు మంచు ఉంటుంది. దాని కింద పచ్చిక హాయిగా నిద్రపోతుంటుంది. దాన్ని ముందే లేపాలన్న దుర్బుద్ధి నాకు పుట్టిందంటే, అందులో సగం పాపం మా ఆవిడ హిల్కది.

"ఈ వేసవిక్కూడా గడ్డి కోసేది నేనేనా?" అన్నాను కాఫీ తాగుతూ.

"పందెం వేసుకుందామా, ఎన్సియో? వప్పు పండగ నాటికి మన పచ్చిక బయటపడితే వేసవంతా నేనే కోస్తా. నువ్వు పడవేసుకుని చేపలకి పో. బయటపడకపోతే కోత నీది, పడవ నాది."

వప్పు వచ్చేది మే ఒకటిన. నేను వెంటనే పందేనికి ఒప్పుకున్నాను.

బూడిద చల్లితే మంచు త్వరగా కరుగుతుందని మావాళ్లందరికీ తెలుసు. బంగాళదుంపల మడి మీద ఇంటింటా సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, పొయ్యి బూడిద చల్లుతారు. పచ్చిక మీద మాత్రం ఎవరూ చల్లరు. ఎందుకు చల్లరో ఆలోచించే తీరిక నాకు లేదు. హిల్క పాటల సాధనకి వెళ్లగానే బకెట్లకి బకెట్లు గుమ్మరించాను.

పక్కింటి యాల్మరి కంచె మీదుగా తొంగి చూశాడు. "ఏమయ్యా, పొయ్యి గానీ బోల్తా పడిందా?"

"మంచుకి రంగేస్తున్నా."

"మీ ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేం పందెం?"

తెలిసింది. తిరిగొచ్చిన హిల్క పెరడంతా చూసి, "ముక్కు మీద మసి తుడుచుకో" అని మాత్రం అంది. ఓటమి ఒప్పుకుందని నేను పొంగిపోయాను.

ఎండకి మంచు కరిగింది. వప్పుకి చాలా ముందే పచ్చిక బయటపడింది. నేను మీసం మెలేశాను. ఆ వారమే చలి మళ్లీ విరుచుకుపడింది. యాల్మరి పచ్చిక మంచు దుప్పటి కింద క్షేమంగా ఉంది. దుప్పటి లాగేసిన నా పచ్చిక గడ్డకట్టి, ఎండిన చాపలా మారి, పట్టుకుంటే వేర్లతో సహా ఊడొచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఊరి సరస్సు మీద గడ్డకట్టిన మంచు విడిపోయి పడవలకి దారి దొరికిన రోజు హిల్క నా చేతిలో పార పెట్టింది.

"పందెం నువ్వే గెలిచావు. మాట మాటే, గడ్డి నేనే కోస్తా."

"కొయ్యడానికి ఏముంది?"

"అందుకే తవ్వు. విత్తనాలు చల్లు, రోజూ నీళ్లు పెట్టు. అదేదీ పందెంలో లేదుగా. ఏపుగా పెరిగాక కేకెయ్యి, వచ్చి కోస్తా."

"ఎక్కడికని కేకెయ్యను?"

ఆవిడ నా గాలం భుజాన వేసుకుంది.

"సరస్సు మీదికి. కొంచెం గట్టిగా కేకెయ్యి, చేపలు పడేచోటు దూరం."