వోల్టేజీ వచ్చిన రోజు

ఆ ఉదయం వరదమ్మ పెట్టుకున్న పని చిన్నదే. ఎదురింటి చంద్రకాంతమ్మ మనవడికి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించి, చుట్టాలంతా టిఫిను వేళకు తిరుచానూరు దిగుతారు. వాళ్ళకు వడలూ చట్నీ తానే చేసిపెడతానని వరదమ్మ మాట ఇచ్చింది. ఆకలి మీదున్న వియ్యాలవారి ముందు ఆ మాట తప్పితే చంద్రకాంతమ్మ తలెత్తుకోలేదు.

వీధి చివర కొత్త ట్రాన్స్‌ఫార్మరు నిలబెట్టింది నిన్ననే. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకోగా వచ్చిన భాగ్యం అది. అంతకుముందు బల్బులు పండుమిరపకాయల్లా ఎర్రగా వెలిగేవి. ఒకింట్లో మిక్సీ తిరగాలంటే పక్కిళ్ళలో మోటార్లు ఆపాలి. అందుకని ఆడవాళ్ళు మిద్దెల మీద నుంచి వంతులు కేకేసుకునేవాళ్ళు. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి బిడ్డకు జ్వరమో ఆ కేకల్లోనే తెలిసిపోయేది.

వరదమ్మ మిద్దె ఎక్కింది. "చంద్రకాంతా! మిక్సీ వేస్తా ఉండా, మోటారు ఆపు!"

"ఇంకా ఎందుకత్తా కేకలు? కొత్తది వచ్చింది గదా," అంది కోడలు రాజశ్రీ.

"వస్తే? సెప్పకుండా వేస్తే మర్యాదగా ఉంటాదా?"

వీధంతా అలవాటుగా మోటార్లు ఆపేసింది. కిందికి దిగిన వరదమ్మ చెయ్యి కూడా అలవాటుగానే పాత స్టెబిలైజరు మీట పట్టి చివరిదాకా తిప్పింది. తక్కువ కరెంటును ఎక్కువ చేసే మీట అది. ఇప్పుడు తక్కువన్నదే లేదని చేతికి తెలియదు.

మిక్సీ విమానంలా అరిచింది. మూత ఎగిరింది, చట్నీ పైకప్పుకు అంటుకుంది. బల్బు ఢామ్మని పేలింది. స్టెబిలైజరు పొగ వదిలింది.

"ట్రాన్స్‌ఫార్మరు పేలిందంట!" అన్నారు పక్కింట్లో. ఆ మాట వీధి చివరికి పోయేసరికి ట్రాన్స్‌ఫార్మరుకు మంటలు కూడా అంటుకున్నాయి. ఎవరో ఫోను చేస్తే లైన్‌మన్ గురప్ప పరుగున వచ్చి, ఎందుకైనా మంచిదని ఫ్యూజులు పీకేశాడు.

"అక్కా, వాళ్ళు అలిపిరి దాటినారంట! పప్పు నానింది నానినట్టే ఉండాది," చంద్రకాంతమ్మ ఏడుపు గొంతుతో వచ్చింది.

వరదమ్మ కొంగు బిగించింది. "మీ పెరట్లో రోలు యాడికీ పోలేదు గదా? పద."

ఒకరు రుబ్బితే ఒకరు పిండి తోశారు. మిద్దెల మీద కేకల్లో సగంలో ఆగిపోయిన కబుర్లన్నీ రోలు చుట్టూ మళ్ళీ మొదలయ్యాయి. ఎప్పుడూ అత్తకు ఎదురుచెప్పే రాజశ్రీ కూడా పొత్రం వదలలేదు. చుట్టాలు దిగేసరికి వడలు నూనెలో పొంగుతున్నాయి. వియ్యపురాలు నాలుగు తిని, "ఇంత మెత్తగా యాడ రుబ్బించినారు?" అని అడిగి, ఇంకో రెండు వేయించుకుంది.

అప్పుడు వచ్చాడు గురప్ప. "ట్రాన్స్‌ఫార్మరు రాయిలా ఉండాదమ్మా. ఇన్నాళ్ళూ వోల్టేజీ రాలేదని తిడితిరి, ఇప్పుడు వచ్చిందని బెదరతా ఉండారా? ఫ్యూజు పెట్టేదా?"

వరదమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేవలేదు.

"మధ్యాన్నం దాకా ఉండనీప్పా. కారప్పొడి కూడా దంచేసుకుంటాము."

కరెంటు వద్దని అర్జీ పెట్టుకోవడానికి ఆఫీసులో ఏర్పాటేమీ లేదని చెప్పి, గురప్ప కూడా ఒక వడ తీసుకుని కూర్చున్నాడు.