నల్లజతకూ తెల్లజతకూ మధ్య హైమవతి

నిప్పు పుట్టుక, చక్రం పుట్టుక అనే రెండు చిన్న సంఘటనలను పక్కన పెడితే, మానవజాతి చరిత్రలో అత్యంత గంభీరమైన ఘట్టం మనిషి తన చెవిలో రబ్బరు బుడిపె దూర్చుకున్న ఘట్టమే. ఆ బుడిపె అక్కర్లేని శబ్దాన్ని తీసివేసేటప్పుడు ఆ శబ్దం చేసిన మనిషిని కూడా తీసివేస్తుందన్నది దానికి సంబంధించిన పాలనాపరమైన వివరం మాత్రమే. కాకినాడలో ఈ వివరాన్ని చూసుకునే కార్యాలయం పేరు నిత్యశ్రవణ తులనా విభాగం. రామారావుపేటలోని ఒక పాత మేడ పైఅంతస్తులో, ఎండకు వెలిసిన పసుపు తెరల వెనుక అది పనిచేస్తుంది.

ఏడాదికొకసారి ఈ విభాగం రెండు జతల ఇయర్‌ఫోన్లను పోల్చి చూసి, సామాన్య పౌరుడు రోజూ పాటలు వినడానికి వాటిలో ఏది తగినదో తీర్పు చెబుతుంది. పరీక్షా కాలంలో తొలగిపోయినవారిని తాత్కాలికులుగా నమోదు చేస్తారు. తీర్పు వెలువడ్డాక, ఓడిన జత తొలగించినవాళ్ళు మర్నాడు పదకొండు గంటలకు విభాగం వరండాలో, తొలగిన రోజు కట్టుకున్న బట్టలతోనే ప్రత్యక్షమవుతారు; ఒక సంతకం చేసి ఇంటికి పోవచ్చు. నెగ్గిన జత తొలగించినవాళ్ళు శాశ్వతం. వాళ్ళ కుటుంబాలకు ఒక ధ్రువపత్రాన్ని నీలిరంగు కవరులో పెట్టి ఇస్తారు. ఈ ఏర్పాటు మీద పట్టణంలో ఎవరికీ పేచీ లేదు. కవరు నాసిరకంగా ఉందని మాత్రం ఒకటి రెండు అర్జీలు వచ్చాయి.

ఇరవై ఆరేళ్ళుగా ఈ విభాగానికి ప్రధాన తులనాధికారి గుడిమెట్ల వైకుంఠరావు. ఆయన చెవులు విశేషమైనవి. దేవుడు మిగతా శరీరాన్ని ఏదో మామూలుగా కానిచ్చి, శ్రద్ధంతా ఆ రెండింటి మీదే పెట్టాడని కార్యాలయంలో చెప్పుకునేవారు. వైకుంఠరావు కూడా అలాగే భావించేవాడు. ఇంతకాలంలో ఒక్క నివేదికలోనైనా అబద్ధం రాయలేదన్నది ఆయన జీవితానికి ఉన్న ఒకే ఒక ఆభరణం.

ఆయనకు మరో నిష్ఠ కూడా ఉంది. కొత్త వస్తువు మీది కవరును ఆయన తీయడు, తీయనివ్వడు. ఇంట్లో టీవీ రిమోటు ప్లాస్టిక్ సంచిలో రబ్బరు బ్యాండు కట్టుకుని పదకొండేళ్ళుగా సేవ చేస్తోంది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవారి స్టిక్కరు, సోఫా మీద ఫ్యాక్టరీ తొడుగు, గోడ గడియారం అద్దం మీద పలచని పొర, అన్నీ కొన్ననాటి పవిత్రతతో నిలిచి ఉన్నాయి. సొంత వస్తువుల పట్లే ఇంత భక్తి గల మనిషి సర్కారు సొత్తు పట్ల ఎంత జాగ్రత్తగా ఉంటాడో చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది వచ్చిన నల్లజతను, తెల్లజతను ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఛార్జింగ్ డబ్బాలను గోడ ప్లగ్గుకు తగిలించగానే వాటి మీద పచ్చదీపాలు వెలిగాయి. ఆయన తృప్తిపడ్డాడు.

పరీక్షకు మూడు అంచెలు: అమరిక, నిశ్శబ్దం, పాట. నిశ్శబ్దం మీద తీర్పు వెలువడ్డాకనే పాట పెట్టడానికి అనుమతి వస్తుంది. అందుచేత ఇరవై ఆరేళ్ళలో వైకుంఠరావు ప్రధానంగా విన్నది నిశ్శబ్దాన్నే. పాటల సంగతి ఆఖరి రెండు రోజుల్లో, ఎక్కువ చర్చ లేకుండా తేలిపోయేది.

బేసి రోజుల్లో నల్లజత, సరి రోజుల్లో తెల్లజత. మొదటి రోజు నల్లజత పెట్టుకుని వరండాలో కూర్చోగానే, మైకు కట్టిన ఆటోలో వంజరం, పండుగప్ప చేపలు అమ్ముకునే సత్తిరాజు వీధి మలుపులో తొలగిపోయాడు. ఆటో మాత్రం ఇంకో పది గజాలు నడిచి స్తంభానికి ఆనుకుని ఆగింది. మూడో రోజు ఎదురింటి గోడకు రంధ్రాలు వేస్తున్న మేస్త్రీ పోయాడు. రెండో రోజున, నాలుగో రోజున తెల్లజత తన వంతుగా పాత ఇనుము కొనేవాణ్ని, బాకా ఊదే సైకిలువాణ్ని తీసివేసింది. వైకుంఠరావు ఒక్కొక్కరిని వరసగా రాసుకున్నాడు. తమ ఇంటి మేడ మీద వాటాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్న రిటైరైన టీచరమ్మ సుభద్రమ్మను ఏ జతా తొలగించలేకపోయింది. ఆవిడ వైకుంఠరావుతో ఎన్నడూ మాట్లాడి ఎరగదు.

పదో రోజు, మంగళవారం ఉదయం, తెల్లజత చెవుల్లో ఉండగా భార్య హైమవతి కాఫీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. ఆయన చెవుల వైపు చూపిస్తూ ఏదో చెప్పింది. ఆయన చూపుడువేలు ఎత్తాడు. ఒక్క నిమిషం ఆగమని ఆ వేలికి అర్థం. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆ వేలు లేస్తూనే ఉంది. వేలు దిగేసరికి హైమవతి లేదు. కాఫీ మీద ఆవిరి ఉంది.

వైకుంఠరావు కొయ్యబారిపోయాడు. ఇన్నేళ్ళలో తొలగింపు ఎప్పుడూ వీధిలో జరిగిందే తప్ప గుమ్మం దాటి లోపలికి రాలేదు. వంటింట్లోకి వెళ్ళి చూశాడు, పెరట్లోకి వెళ్ళి చూశాడు, చివరికి సోఫా తొడుగు ఎత్తి కూడా చూశాడు. తర్వాత రిజిస్టరు తీసి పేరు రాశాడు. శబ్దం రకం అన్న చోట 'మాట' అని రాశాడు. శబ్దం ఎంతకాలంగా ఇబ్బంది పెడుతున్నది అన్న చోట కలం ఆగింది. కొంతసేపటికి 'వివాహం నుంచి' అని దానంతట అదే రాసింది. ఆ రెండు మాటలను ఆయన వేరెవరో రాసినట్టు చూశాడు.

కార్యాలయంలో సంచాలకురాలు రాజ్యలక్ష్మి సానుభూతితో విన్నది.

"మీ ఆవిడగారేనా. అయ్యో. ఏ జతలో?"

"తెల్లజతలోనండి."

"దానికింత కంగారెందుకండీ. నల్లజత బాగుందని రాసేయండి. మర్నాడు పదకొండింటికి ఆవిడ వరండాలో ఉంటారు."

"తెల్లదే బాగుందండి." ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ అది నిజమని ఆయనకు తెలియలేదు. "దాని నిశ్శబ్దం రెండు పాళ్ళు లోతుగా ఉంది. మా ఆవిడ పోయిన తర్వాత మరీనూ."

రాజ్యలక్ష్మి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మొన్న ఆదివారం నల్లజతను నేను మా ఇంటికి పట్టుకెళ్ళాను, గుర్తుందా. మా అత్తగారు పులుసులో ఉప్పు గురించి ఏదో అంటున్నారు. సగంలో ఆగిపోయారు."

"చాలా విచారమండి."

"ఆ. నల్లజత నెగ్గాలని నేను అనటం లేదు. మీరెలా రాసినా సంతకం పెడతాను. కాకపోతే మా ఇంట్లో ఉప్పు ఇప్పుడు సరిపోతోంది."

ఆయన కిందికి వచ్చేసరికి మెట్ల మీద సత్తిరాజు భార్య నూకాలు కూర్చుని ఉంది. తాత్కాలిక రసీదును కొంగు చివర కట్టుకుంది.

"ఏ జత నెగ్గుద్దండి బాబూ?"

"శుక్రవారానికి తేలుతుందమ్మా."

"తెల్లది నెగ్గితే మా ఆయనొచ్చేత్తాడంట కదండి. తెల్లదే బాగుంటాదని మా పేటలో అందరూ అంటన్నారండి."

"పేటలో ఎవరూ వినలేదు కదమ్మా."

"ఇనకపోతే ఏటండి, సూత్తానికి బాగుంటాది కదా." ఆమె రసీదు ముడిని తడిమి చూసుకుంది. "మూడు పూటలా గోలగోలగా ఉండేదండి మా ఇల్లు. ఇప్పుడు పిల్లలకి ముద్ద దిగట్లేదు."

వైకుంఠరావు చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి.

తెల్లజత నెగ్గితే సత్తిరాజు వస్తాడు, హైమవతి రాదు. నల్లజత నెగ్గితే హైమవతి వస్తుంది, సత్తిరాజు రాడు. విషయం ఇంత సులువుగా ఉన్నప్పుడు నిద్రాహారాలు మానాల్సిన అవసరం లేదని ఆయన తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అయితే ఆయనను పీడించినది వేరే ప్రశ్న. హైమవతి ఏం చెప్పింది? పెదవుల కదలిక కళ్ళకు కట్టినట్టు ఉంది. మొదట మూసుకున్నాయి, తర్వాత గుండ్రంగా చుట్టుకున్నాయి. గురువారం పగలంతా ఆయన అద్దం ముందు నిలబడి పెదవులు మూసి, చుట్టి, తెరిచి చూశాడు. పొయ్యి మీద ఏదో ఉందని చెప్పిందేమో. పొద్దున్నే ఎవరో వచ్చారని చెప్పిందేమో. పోతున్నాను అని చెప్పిందేమో. మూడోది తట్టాక ఆయన అద్దం ముందు నుంచి తప్పుకున్నాడు.

శుక్రవారం ఉదయం నివేదిక రాశాడు. తెల్లజతలో నిశ్శబ్దం పలచగా ఉందని, నల్లజత సర్వవిధాలా శ్రేష్ఠమని రాశాడు. జీవితంలో మొదటి అబద్ధం. సత్తిరాజు సంగతి ఒక్కసారైనా గుర్తుకు రాలేదని కింద సంతకం పెట్టాక తెలిసి, అప్పుడు దిగ్భ్రాంతి చెందాడు.

తీర్పు ప్రకటించే ముందు పరికరాలు పనిచేసే స్థితిలో ఉన్నాయని ధ్రువీకరించడం రివాజు. అందుకు మెకానిక్ మస్తాన్ వచ్చి, తన ఫోనుతో రెండు జతలనూ కలపబోయి, మళ్ళీ కలపబోయి, చివరికి తల గోక్కున్నాడు.

"ఇవి ఒక్కసారి కూడా ఆన్ అవలేదండి. రెండూనండి. డబ్బాలకి ఛార్జి ఉంది, చెవిలో పెట్టుకునే గింజలకి ఎక్కలేదు."

"పచ్చదీపం వెలిగింది కదయ్యా," అన్నాడు వైకుంఠరావు.

"అది డబ్బాదండి."

"మరి నిశ్శబ్దం?"

"చెవిలో ఏది పెట్టుకున్నా కొంచెం తగ్గుద్దండి. దూది పెట్టుకున్నా తగ్గుద్ది. మనుషులు మాత్రం పోరండి."

"ఛార్జి ఎందుకు ఎక్కలేదు?"

"కారణాలు వేరే సెక్షన్ రాయాలండి. నేను ఎక్కలేదని మాత్రం రాస్తాను."

రాజ్యలక్ష్మి ఒక చేత్తో తన కుడి చెవిని, తర్వాత ఎడమ చెవిని తాకి చూసుకుంది. ఆ పిమ్మట నిబంధనావళి తెరిచి, పదిహేడో నిబంధనను ఎత్తుపల్లాలు లేని గొంతుతో చదివింది. పరికరం పనిచేయని సందర్భమున జరిగిన తొలగింపును వినువారి స్వంత సామర్థ్యము కింద నమోదు చేయవలెను. ఇట్టి తొలగింపునకు తిరిగి వచ్చు తేదీ ఉండదు.

"అలాంటి రిజిస్టరు మన దగ్గర ఉందాండీ?" అన్నాడు వైకుంఠరావు.

"కింద మూడు గదులు దాంతోనే నిండి ఉన్నాయి. ఇయర్‌ఫోన్లవి ఈ ఒక్క బీరువానే," అన్నది రాజ్యలక్ష్మి. "నేను మా అత్తగారిది రాసుకుంటాను. మీరు మీ వాళ్ళవి రాయండి."

నూకాలు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. "అయితే మా ఆయన్ని ఏ జతా తియ్యలేదాండి?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరెవరు తీసేరండి?"

వైకుంఠరావు చూపుడువేలు లేచింది. సగం లేచాక ఆయన దాన్ని చూసి, రెండో చేత్తో పట్టుకుని కిందికి దించాడు. నూకాలుకు నీలి కవరు ఇచ్చారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మెట్లు దిగింది.

స్వంత సామర్థ్యపు నమోదు పత్రంలో ఒక అదనపు గడి ఉంది: తొలగిన వ్యక్తి చివరి మాట. సత్తిరాజు చివరి మాట వంజరం అని వీధి అంతటికీ తెలుసు. హైమవతి గడి ఖాళీగా ఉండిపోయింది. అది నింపనిదే పత్రం చెల్లదు. వైకుంఠరావు ఆ పత్రం పట్టుకుని ఇంటికి వచ్చి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి మేడమెట్లు ఎక్కి సుభద్రమ్మ తలుపు తట్టాడు.

ఆవిడ తలుపు తీసి, ఆయన ముఖం కంటే ముందు చెవుల వైపు చూసింది.

"ఆ రోజు పొద్దున మా ఆవిడ నాతో ఏదో చెప్పిందండి. మీకేమైనా వినపడిందేమోనని."

"వినపడకేం, మూడు రోజులు వరసగా అదే చెప్పింది కదండీ. కిందింట్లో చెబితే మేడ మీద నాకు కంఠతా వచ్చింది."

"ఏమనండీ?"

"పొర తీయండి, ఆ గింజల అడుగున నీలి పొర ఉంది, అది తీయకపోతే ఛార్జి ఎక్కదట, డబ్బా మీదే రాసి ఉంది, అని."

గడిలో రెండు మాటలకే చోటు ఉంది. వైకుంఠరావు గోడకు ఆనించి 'పొర తీయండి' అని రాశాడు. తర్వాత కాగితం నలగకుండా, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, దాన్ని అందులో పెట్టాడు.