ముప్పై బాణాల తిరుగు ప్రయాణం

మ్యూజియంలో ప్రతి వస్తువు కిందా పేరు, కాలం రాసిన చీటీ అంటించేది తనే కాబట్టి అతన్ని అందరూ చీటీల రాయుడనేవారు. ఆ ఉదయం పని చిన్నదే. ఆదిమానవులు ఆఫ్రికా నుంచి బయల్దేరి ప్రపంచమంతా ఎలా పాకారో చూపే గోడపటం మీద పదింటికల్లా ముప్పై ఎర్ర బాణాలు అంటించాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి నమూనా కాగితం చూడాల్సిన ఖర్మేమిటని, చూడకుండానే చకచకా అంటించేశాడు. నిచ్చెన దిగి, రెండడుగులు వెనక్కేసి చూసుకున్నాడు. బాణాలన్నీ వెనకాముందూ అయ్యాయి! లోకంలోని జనమంతా మూటాముల్లె సర్దుకుని ఆఫ్రికాలోకి దూరిపోతున్నట్టుంది.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు, ప్రారంభోత్సవానికి పిలిచిన ప్రొఫెసరుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏంటయ్యా, బాణాలు ఇటు తిరిగున్నాయి?" అన్నాడు.

"పొరపాటైంది సార్" అంటే రెండు ముక్కలతో పోయేది. కానీ రాయుడి నోరు రాయుడి మాట ఎన్నడు విన్నది గనక!

"అది తిరుగు ప్రయాణం సార్. వెళ్ళినవాళ్ళలో కొందరు వెనక్కొచ్చారుగా!"

"కొందరు వచ్చారు, నిజమే," అన్నారు ప్రొఫెసరు కళ్లద్దాలు సర్దుకుంటూ. "ఇంతమంది వచ్చారనడానికి ఆధారం?"

దిక్కుతోచని రాయుడి చూపు తలుపు పక్కన నేలమీద పడింది. "ఇదిగోండి, ఈ రాయి! అంచు చూడండి, ఎవరో పనిగట్టుకుని చెక్కినట్టు లేదూ?"

ప్రొఫెసరు దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తుకున్నారు. డైరెక్టరు ఉబ్బితబ్బిబ్బై రాయిని అద్దాల పెట్టెలో పెట్టించి, విలేకరులకు ఫోన్లు చేశాడు. పావుగంటలో హాలు నిండింది, మైకు రాయుడి చేతికొచ్చింది. రాయి వయసు మొదట పదివేల ఏళ్లన్నాడు, చప్పట్లు పడేసరికి నలభై వేలు చేశాడు. 'నీకంటే ఆ రాయి నయంరా, నోరు మూసుకుని కూర్చుంది' అని లోలోపల తిట్టుకున్నాడే గానీ ఆగలేకపోయాడు.

ధడేల్‌మని తలుపు గాలికి కొట్టుకుంది. టికెట్లిచ్చే ఆవిడ విసవిసా లోపలికొచ్చింది.

"రాయుడుగారూ, తలుపుకి అడ్డంపెట్టిన రాయి ఎవరు తీశారండీ? నిన్ననే మా గోడ కడుతున్న చోటు నుంచి మోసుకొచ్చాను!" అంటూనే పెట్టెలోకి చూసింది. "అయ్యో, ఇక్కడుందా!"

హాల్లో తలలన్నీ ఒక్కసారిగా రాయుడి వైపు తిరిగాయి. ఇక దాచేందుకు రాయుడి దగ్గర ఏమీ మిగల్లేదు. "బాణాలు తిప్పి అంటించానండీ. మిగతాదంతా దాన్ని కప్పిపుచ్చడానికే," అన్నాడు మైకులోనే. ఉద్యోగానికి నీళ్లొదులుకున్నట్టే అనుకున్నాడు.

ప్రొఫెసరు పకపకా నవ్వారు. "నాకు మొదటి నిమిషంలోనే తెలుసండీ. ఎందాకా వెళ్తారో చూద్దామనుకున్నా. ఆదిమానవుడు వేల ఏళ్లు నడిచిన దూరం మీరు అరగంటలో నడిచేశారు!"

ఆయన నవ్వాక డైరెక్టరుకీ నవ్వక తప్పలేదు. సాయంత్రంలోగా పటం సరిచెయ్యమని మాత్రం పళ్లు నూరాడు. రాయుడు నిచ్చెనెక్కి బాణాలు ఒక్కొక్కటే పీకాడు.

జిగురు మేలురకం కావడంతో, వాటితోపాటు సగం ఆసియా కూడా ఊడొచ్చింది.